పాలు పడని పాల టెస్టరు

ఆ రోజుల్లో బళ్ళారి జిల్లాలో మా వైపు మనుషుల్ని రెండే రకాలుగా చూసేవాళ్ళు. పాలు తాగి గట్టిగా ఉన్నవాళ్ళు, పాలు తాగక బక్కగా ఉన్నవాళ్ళు. పాలు తాగి కూడా బక్కగా ఉండే మూడో రకం ఒకటుందనీ, ఊళ్ళో దానికి నేనే ప్రతినిధిననీ ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. జలుబు చేస్తే పసుపేసిన పాలు, పరీక్షలొస్తే చక్కెరేసిన పాలు, గోడ మీంచి పడితే మిరియాలేసిన పాలు. నన్ను పెంచింది మా అవ్వ. ఆమె "తాగు నాయనా, బంగారమంటి పాలు" అంటూ ఒక చేత్తో నా ముక్కు పట్టుకుని రెండో చేత్తో లోటా ఎత్తి పోసేది. అరగంటలో నా కడుపులో కాలవకు నీళ్ళు వదిలినట్టు గుడగుడ మొదలయ్యేది. "అది బలం పడతాండే సప్పుడు రా" అని మురిసిపోయేది అవ్వ. ఆ బలం నా ఒంట్లో ఒక్క గంట కూడా నిలవడం లేదని ఆమెకు చెప్పే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

ఇట్లాంటి నాకు దేవుడిచ్చిన మొదటి ఉద్యోగం ఏదో చెబితే నవ్వుతారు. డిగ్రీ ఆఖరి ఏడు ఒక సబ్జెక్టు పోగొట్టుకుని, సిరుగుప్ప బస్సులెక్కి దిగుతూ తిరుగుతున్న ఇరవై రెండేళ్ళ వయసులో, హచ్చొళ్ళి దగ్గరి మా ఊరి పాల డైరీలో టెస్టరు పని దొరికింది. పొద్దునా సాయంత్రం ఊరివాళ్ళూ, కాలవ పక్క క్యాంపులో వచ్చి స్థిరపడిన కోస్తా రైతులూ తెచ్చే పాలకు శాంపిలు తీసి, ఫ్యాటు ఎంతుందో చూసి చెప్పాలి. డైరీకి అధ్యక్షుడు ఒక పెద్దాయన. మీసానికి ఎప్పుడూ ఇంత మీగడ అంటుకుని ఉండేది కాబట్టి ఊరంతా ఆయన్ని మీగడ గౌడ అనేది (ఎదురుగా మాత్రం గౌడప్పా). అరవై దాటినా వడ్ల బస్తా ఒక్కడే భుజానికెత్తుకునేవాడు. ఆ బలమంతా పాలదేనని ఆయన నమ్మకం (పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పొలంలో చేసే పనికి అందులో ఏ వాటా ఇచ్చేవాడు కాదు).

మొదటి రోజే ఆయన నన్ను కూర్చోబెట్టి రూలు చెప్పాడు. "నోడప్పా, ఇట్లా చూడు, పక్కూరి డైరీ పాలల్లో ఏందో కలుపుతాండారని పుకారు పుట్టి, నెల తిరక్కముందే అది మూతపడింది. మన డైరీకి ఆ గతి పట్టకూడదు. అందుకే రోజూ పొద్దున అందరి ఎదురుగా టెస్టరు ఒక లోటా పాలు తాగల్ల. నువ్వు తాగితే మందికి నమ్మకం." అప్పుడే "నాకు పాలు పడవు గౌడప్పా" అని ఉంటే ఈ కథే లేదు. కానీ అప్పటికే మా అవ్వ "మా మనవడు పాలకు ఆఫీసరయినాడు" అని ఊళ్ళో ఏ ఇంటినీ వదలకుండా చెప్పొచ్చింది. ఆఫీసరుకు పాలు పడకపోతే ఎట్లా?

తాగాను. రోజూ తాగాను. డైరీ వెనక పెద్ద జొన్నచేను ఉండేది, అది లేకపోతే నేనేమయ్యేవాణ్ణో తెలీదు. లోటా పాలు లోపలికి పోయిన పావుగంటకు క్యాన్లు పట్టుకుని జనం వరసలో నిలబడి ఉంటే, "ఒక్క నిమిషం" అని నీళ్ళ చెంబుతో చేన్లోకి పరిగెత్తేవాణ్ణి. కొన్ని రోజులు మూడుసార్లు. చెంబును పైపంచె కింద దాచుకుని పోవడం మర్యాద అనుకున్నాను గానీ, ఆ దాచుకోవడమే కొంప ముంచింది. క్యాంపులో ఆరు గేదెలున్న ఒక పెద్దావిడ ఉండేది, మేమంతా గేదెలత్త అనేవాళ్ళం. ఆమె ఒకరోజు అందరి ముందూ అడిగేసింది. "ఏవండీ టెస్టరుగారూ, మేం పాలు పొయ్యగానే పంచె కింద ఏదో పెట్టుకుని ఆ చేలోకి ఎందుకెళ్తారండీ?"

"చిలకల్ని తోలేకి పోతాండా అత్తా" అన్నాను. (చేను మాది కాదు. కంకి ఇంకా వెయ్యలేదు కూడా.)

అంతే. టెస్టరు రోజూ పాలు దొంగిలించి జొన్నచేన్లో క్యాను నింపి, సిరుగుప్ప హోటలుకు పంపుతాండాడని వారంలో ఊరంతా పాకింది. నిజం తేల్చుకుందామని ఇద్దరు మగవాళ్ళు తెల్లారకముందే చేన్లోకి దిగి వెతికారట. వాళ్ళకు దొరికింది క్యాను కాదు. దొరికినదాని గురించి నలుగురిలో చెప్పుకోలేక, కాలవలో చెప్పులు కడుక్కుని మాట్లాడకుండా ఇంటికి పోయారు. వాళ్ళు నోరు విప్పకపోయేసరికి పుకారు ఇంకా బలిసింది. పాలు పోసేవాళ్ళు నన్ను చూసే చూపు మారిపోయింది. నలుగురైదుగురు పాలు తేవడమే మానేశారు. అవ్వ నీళ్ళకు పోతే కొళాయి దగ్గర మాటలు ఆగిపోయేవట. ఆమె నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించేది.

చివరికి గౌడప్ప నన్ను పిలిచాడు. "నీ మింద నాకు నమ్మకముండాది. మందికి లేదు. ఆదివారం డైరీ సభ. పాలు ఒంటికి మంచివా కాదా అని చెప్పేకి తాలూకా ఆస్పత్రి డాక్టరమ్మ వస్తాంది. ఊరంతా ఉంటాది. అందరి ముందర నువ్వు పెద్ద చెంబుడు పాలు తాగి, 'ఇవి మన పాలు, దీంట్లో మోసం లేదు, నా ఆరోగ్యమే సాక్ష్యం' అని మైకులో చెప్పల్ల. చెప్తివా, బతికినట్టు. లేకపోతే ఇంక నిన్ను కాపాడేకి నా చేతిలో లేదప్పా."

సభ బడి మైదానంలో. షామియానా కింద ముందు వరసలో ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య పెట్టెలోంచి తీసిన చీరలో మా అవ్వ. వేదిక మీద గౌడప్ప, డాక్టరమ్మ, నేను, నా ముందు ఒకటిన్నర లీటరు పట్టే చెంబు. గౌడప్ప స్వయంగా తన ఎనుము పాలు కాచి తెచ్చాడు, పైన మీగడ అట్టులా తేలుతోంది. తాగితే ఊరంతా చూస్తుండగా పరిగెత్తాలి, ఆ మైదానం చుట్టూ జొన్నచేను కూడా లేదు. తాగకపోతే కల్తీ పాలని తాగలేదంటారు, నేను దొంగనవుతాను, డైరీ మూతపడుతుంది. చెంబు ఎత్తాను. నోటిదాకా తెచ్చాను. ఆ వాసన తగలగానే చెయ్యి దానంతటదే కిందికి దిగింది. మైకు లాక్కుని, కళ్ళు మూసుకుని అన్నాను.

"నాకు పాలు పడవప్పా! చిన్నప్పట్నుంచీ పడవు. తాగితే కడుపు ఆగదు. జొన్నచేన్లోకి దానికే పోతాంటి. పాలకు కాదు. నమ్మనోళ్ళు ఆ చేన్లోకి పోయి చూసొచ్చినోళ్ళను అడగండి!"

వెనక వరసలో ఇద్దరు తలలు దించుకున్నారు. గౌడప్ప మీసం వణికింది. "ఏంది రా ఇది? పాలు పడని మనిషి యాడన్నా ఉంటాడా?" అన్నాడు. అప్పుడు డాక్టరమ్మ నవ్వుకుంటూ మైకు తీసుకుంది. "గౌడ్రే, చాలామంది ఉంటారు. ఈ ఊళ్ళోనే ఉంటారు. పాలు పడనివాళ్ళు సిగ్గుపడకుండా చెయ్యెత్తండి చూద్దాం."

ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు ముందు వరసలోంచి గాజుల చప్పుడు వినిపించింది. మా అవ్వ లేచి నిలబడింది, చెయ్యి నిటారుగా పైకెత్తి.

"నాకూ పడవు తల్లీ. కాపురానికి వచ్చినప్పట్నుంచీ పడవు. చెప్తే సిగ్గని మజ్జిగ తాగుతా వచ్చినా. నాకెట్లా రాసిపెట్టి లేదు, వీడన్నా తాగి గట్టిగుంటాడని నా వాటా కూడా వీనికే పోసినా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వన్నా ఒక మాట చెప్పకూడదేం రా?" అని కసిరింది, కళ్ళు తుడుచుకుంటూనే.

నేను నోరు తెరిచేలోగా గేదెలత్త లేచింది. "అయ్యబాబోయ్, మా ఆయనకీ అంతేనండీ డాక్టరుగారూ! పాలు తాగారంటే ఆ పూట ఇంట్లో ఎవరం ఉండలేం!" ఆయన వెనకనుంచి ఆమె కొంగు పట్టి లాగుతూనే ఉన్నాడు గానీ, రెండో చెయ్యి మాత్రం పైకెత్తాడు. షామియానా నవ్వుతో ఊగిపోయింది. ఆ తర్వాత బడి మేష్టరు, మంగలి షాపు ఆయన, చెప్పులు కడుక్కున్న ఇద్దరిలో ఒకడు (!), అక్కడొకరు ఇక్కడొకరు, చేతులు లేస్తూనే ఉన్నాయి. నా జీవితంలో అంత అందమైన దృశ్యం మళ్ళీ చూడలేదు.

డాక్టరమ్మ అందరికీ అర్థమయ్యేట్టు చెప్పింది. పాలల్లో ఒక రకం చక్కెర ఉంటుంది, పెద్దయ్యేకొద్దీ కొందరి కడుపు దాన్ని అరిగించుకోలేదు, అది రోగమూ కాదు, తప్పూ కాదు. పడినవాళ్ళకు పాలు మంచి ఆహారం, హాయిగా తాగండి. పడనివాళ్ళు పెరుగు, మజ్జిగ తీసుకోవచ్చు, తోడు వేశాక ఆ చక్కెర తగ్గుతుంది. రాగులు, నువ్వులు, ఆకుకూరలు కూడా ఎముకలకు బలమే. బలవంతంగా ఎవరికీ పొయ్యకండి. ఆ ఆఖరి మాటకు చప్పట్లు కొట్టినవాళ్ళలో అందరికంటే గట్టిగా కొట్టింది పిల్లలు.

గౌడప్ప ఇంకా బిగుసుకునే ఉన్నాడు. పాల సంగతి తేలలేదని ఆయన బాధ. ఉన్నట్టుండి లేచి, ఆ చెంబు రెండు చేతులా ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. ఖాళీ చెంబు జనానికి తలకిందులుగా చూపించి, మీసం తుడుచుకోకుండానే, "నాకు పడతాయి! మన పాలు బంగారం! ఇంక ఎవడన్నా మా టెస్టర్ను దొంగంటే వాని పాలు నేను పోయించుకోను!" అని గర్జించాడు. ఈలలే ఈలలు. డాక్టరమ్మ తనకు కప్పిన శాలువా తీసి మా అవ్వ భుజాలకు కప్పింది. అవ్వ దాన్ని వారం రోజులు ఎండలో కూడా తియ్యలేదు.

మర్నాడు పొద్దున డైరీ ముందు వరస కాలవ గట్టుదాకా ఉండింది. మానేసినవాళ్ళు కూడా వచ్చారు. ఆ ఎండాకాలం గౌడప్పను ఒప్పించి, ఊరి ఆడవాళ్ళతో కలిసి మిగిలిన పాలకు తోడేసి, అల్లం, కరివేపాకు కొట్టి మజ్జిగ మొదలుపెట్టాం. బళ్ళారి ఎండ సంగతి మీకు తెలిసిందే. కంప్లి బస్టాండులో మా క్యాన్లు మధ్యాహ్నం లోపలే ఖాళీ. ఇన్నేళ్ళయినా దాన్ని జనం 'టెస్టరు మజ్జిగ' అనే అడుగుతారు. నా అసలు పేరు ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

పోయిన నెల కంప్లిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, చేతికి వాచీ, మజ్జిగ వ్యాపారంలో నలుగురికీ తెలిసిన పెద్దమనిషిని. ఆడపెళ్ళివాళ్ళు ఎంతో మర్యాదగా బాదంపాల గ్లాసు చేతిలో పెట్టారు. "అయ్యో, ఎంత బాగుందో" అని, తాగకుండా ఆ గ్లాసు పట్టుకునే అరగంట కల్యాణమంటపమంతా తిరిగి, ఎవరూ చూడనప్పుడు కిటికీలో పెట్టి వచ్చేశాను. మెట్లు దిగుతూ, కళ్ళు మూసుకుని మైకు ముందు నిలబడ్డ ఆ బక్క కుర్రాణ్ణి తల్చుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. వాడికి చదువు పూర్తి కాలేదు, లోకజ్ఞానం లేదు. వాడే వచ్చి ఉంటే గ్లాసు ముట్టకముందే చెప్పేసేవాడు.