సారాంశం వద్దన్న సార్

పొద్దున లేవగానే కుడిచేతి బొటనవేలు వంగదు. కాసేపు వేడినీళ్లలో పెట్టి, నొప్పుల మందు రాసి, మెల్లగా నిమిరితే గానీ టీ గ్లాసు పట్టుకోవడానికి రాదు. జగిత్యాలలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఇరవై ఏళ్లకు పైగా స్టెనోగ్రాఫర్‌గా పనిచేస్తున్నదాన్ని, వేళ్లు అరిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ మందులోని కర్పూరం వాసన ముక్కుకు తగిలినప్పుడు నాకు నా వేళ్లు గుర్తుకు రావు. కోరుట్లలో రాజేశం సార్ ఇంటి ముందుగది, బల్ల మీద పక్కపక్కనే పెట్టిన మూడు కీబోర్డులు, వాటిని ఒక్కొక్కటిగా తడిమి చూస్తున్న ఆయన చేతులు గుర్తుకొస్తాయి. ఆయనా ఇదే మందు వాడేవారు.

రాజేశం సార్ టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పేవారు. కోరుట్ల బస్టాండుకు దగ్గర్లో, ఒక బట్టల దుకాణం పైన రెండు గదులు, పద్నాలుగు మిషన్లు. వాళ్ల నాన్న రాయికల్ దగ్గర ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మాది సిరిసిల్ల. బాపు మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. ఇంటర్ అయ్యాక నేను కోరుట్లలో మేనమామ ఇంట్లో ఉండి సార్ దగ్గర రెండేళ్లు నేర్చుకున్నాను. డిక్టేషన్‌కు అందరూ పత్రిక చూసి చదువుతారు. సార్ మాత్రం అప్పుడప్పుడు పత్రిక మడిచి పక్కన పెట్టి, మనుషులు మాట్లాడినట్టే మాట్లాడేవారు. ఒకరోజు ఒక రైతు ఫిర్యాదు చెప్పారు: "మోటరు కాలి ఎనిమిది దినాలాయె. మూడుసార్లు పోయి చెప్పిన. ఎవ్వలు రాలే." నేను దాన్ని "మోటారు కాలిపోయి ఎనిమిది రోజులైంది. మూడుసార్లు వెళ్లి చెప్పాను. ఎవరూ రాలేదు" అని శుభ్రంగా టైపు చేసి ఇచ్చాను. ఎర్ర పెన్నుతో అన్ని చోట్లా సున్నాలు చుట్టారు.

"అర్థం అదే కద సార్?" అన్నాను.

"అర్థం నిన్ను ఎవ్వలడిగిన్రు బిడ్డా? గాయన ఏమన్నడో గది రాయి. ఏమనాల్సి ఉండెనో నువ్వు రాయకు" అన్నారు, కోపం లేకుండానే.

ఆ మాటను అప్పట్లో నేను పరీక్షకు సంబంధించిన సలహా అనే అనుకున్నాను. టైపు, షార్ట్‌హ్యాండ్ హయ్యర్ పరీక్షలు పాసయ్యాను, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, జగిత్యాలలో కాపురం పెట్టాను. కంప్యూటర్లు వచ్చాక సార్ ఇన్‌స్టిట్యూట్ ఖాళీ అవుతూ వచ్చింది. ఒక మిషన్ ఇంటికి తెచ్చుకుని మిగతావి పాత ఇనుము కింద ఇచ్చేశారని విన్నాను. వెళ్దామనుకుంటూనే ఏళ్లు గడిచాయి. చివరికి మేనమామ ఇంట్లో పెళ్లికి కోరుట్ల వెళ్లినప్పుడు వాళ్లింటికి పోయాను. "మంచిగున్నరా సార్?" అని అడిగితే, "జగిత్యాల బస్సులు మస్తున్నయి బిడ్డా, ఎప్పుడన్న పోవచ్చు" అన్నారు. ఆయన భార్య గంగమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇనబడది బిడ్డా. మూడేండ్లాయె" అంది. చెవి మిషన్ పెట్టించారట. పెట్టుకుంటే చప్పుడు పెరిగింది గానీ మాట పెరగలేదట. దాన్ని తీసి బీరువాలో పెట్టేశారు.

నేనున్నప్పుడే వాళ్ల బంధువు ఒకాయన వచ్చాడు. ఊళ్లో పొలం గట్టు తగాదా గురించి గంగమ్మతో పావుగంటసేపు చెప్పాడు. మధ్యలో చేతులు ఊపాడు, ఒకసారి నవ్వాడు, ఒకసారి గొంతు తగ్గించాడు. సార్ ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూస్తూ కూర్చున్నారు. ఆ బంధువు వెళ్లిపోయాక సార్ ఏమిటని అడిగితే, గంగమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, "ఏం లేదు. అందరు మంచిగున్నరట" అని గట్టిగా చెప్పింది. ఆమె తప్పు కూడా కాదు. ప్రతి మాటా రెండోసారి అరిచి చెప్పాలంటే ఎవరికైనా ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? సార్ నా వైపు తిరిగి, "చూసినవా? పావుగంట ముచ్చటకు నా వంతు మూడు ముక్కలు. అందరు నాకు సారాంశం చెప్తున్నరు. నేను పిల్లలకు జన్మంత సారాంశం రాయొద్దని చెప్పిన" అన్నారు.

రెండు వారాల తర్వాత ఆయన నా ఫోనుకు ఒక వీడియో పంపారు. ఎక్కడో ఎవరో ఒకతను చిన్న కీబోర్డు మీద నాలుగైదు కీలు ఒకేసారి నొక్కి వదులుతున్నాడు. పక్కన మనిషి మాట్లాడుతుంటే తెర మీద మాటలు అదే వేగంతో పడుతున్నాయి. "గిసొంటిది మనకు దొరుకుతదా?" అని కింద రాశారు. అప్పటికే ఆఫీసులో రోజంతా టైపు చేసి, ఇంటికొచ్చి వంట చేసి, చెయ్యి ఎత్తాలంటే విసుగొచ్చే స్థితిలో ఉన్నాను. అయినా ఆయనకు కాదని రాయలేకపోయాను. ఫోన్లలో మాట్లాడితే అక్షరాలు పడే సదుపాయం ఉంది కదా అని చూపించాను గానీ, అది మా వైపు మాటను పట్టుకోలేక ప్రతి వాక్యానికీ నవ్వులపాలైంది.

ఆ ఎండాకాలంలో మూడు కీబోర్డులు తెప్పించాను. మొదటిది కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్లు కొనే కీబోర్డు. మామూలు కీబోర్డు మీద ఐదారు కీలు ఒకేసారి నొక్కితే కొన్నిటిని వదిలేస్తుంది. ఇది అన్నింటినీ గుర్తుపడుతుంది, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ కీలు ఎత్తుగా, బరువుగా ఉన్నాయి. వీడియోలోలా కీలు కలిపి నొక్కే స్టెనోలో ఒక్కో వేలుతో పై వరుస, కింద వరుస కలిపి నొక్కాల్సి వస్తుంది. ఆ రెంటి మధ్య సందులో వేలు ఇరుక్కునేది. పది నిమిషాలకే మణికట్టు లాగేది. రెండోది బెంగళూరులో ఒకతను సరదా కొద్దీ ఇంట్లో తయారుచేసి అమ్మేది. అరచేతులు రెండు పక్కపక్కన పెట్టినంతే ఉంటుంది, ముప్పై చిల్లర కీలు, అన్నీ పలచగా, సందు లేకుండా. ఎంత తేలికంటే వేలు ఆనించి ఊరుకున్నా కీ పడిపోయేది. మొదటి వారమంతా నేను కొట్టని మాటలే తెర మీద కనిపించాయి. మూడోది రెండు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో చేతికి ఒకటి. భుజాలు ముడుచుకోనక్కర లేదు కాబట్టి ఒంటికి అన్నింటికంటే హాయి అదే. కానీ వేగం పుంజుకోగానే ముక్కలు చెరోవైపు జరిగేవి. కింద తడిబట్ట పరిచినా ఆగలేదు. బస్సులో తీసుకుపోయి ఎక్కడో ఒళ్లో పెట్టుకుని కొట్టాలంటే కుదరదు.

సార్ వాటిని చెవులతో పని లేకుండా పరీక్షించారు. నేను కొడుతుంటే బల్ల మీద అరచెయ్యి ఆనించి అదురు చూసేవారు. "మొదటిది గుద్దుతున్నది. రెండోది గుసగుస పెడ్తున్నది" అన్నారు. ఆయన వినలేరు గానీ చదవగలరు కదా, పాత స్టాప్‌వాచ్ పట్టుకుని పత్రిక డిక్టేషన్ చెప్పేవారు. తన గొంతు తనకు వినబడదు కాబట్టి చాలా గట్టిగా చెప్పేవారు. వీధిలో పోయేవాళ్లు ఆగి కిటికీలోంచి చూసేవారు. తర్వాత తప్పులకు ఎర్ర సున్నాలు. మూడింటికీ వేరువేరు కాగితాలు పెట్టారు, వేగం ఒక గడిలో, తప్పులు ఒక గడిలో, నా ముఖం ఎలా ఉందో ఇంకో గడిలో. ఆ చివరి గడిలో ఎక్కువసార్లు "అలిసింది" అని ఉండేది.

అసలు చిక్కు కీబోర్డులది కాదు, భాషది. కలిపి నొక్కిన కీలను మాటలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరికింది, కానీ దానికి ఇంగ్లిషు మాటల పట్టికే ఉంది, తెలుగుకు మేమే కట్టుకోవాలి. ఎడమచేతికి హల్లులు, బొటనవేళ్లకు గుణింతం, కుడిచేతికి మాట చివరి ముక్కలు అని సార్ నిర్ణయించారు. నేను "వచ్చాడు", "చెప్పారు" అని చేర్చుకుంటూ పోతుంటే ఆపారు. "మా ఇంటికి 'వచ్చాడు' అనెటోడు ఎవ్వడన్న అచ్చిండా? అచ్చిండు అని పెట్టు" అన్నారు. అలా అచ్చిండు, పోయిన్రు, చెప్పిన, ఎర్కలేదు, అన్నీ ఒక్కో దెబ్బకు ఒక్కో మాట పడేలా చేర్చాం. ఆదివారాలన్నీ దానికే పోయాయి. చివరికి రెండో కీబోర్డే నిలిచింది. మెత్తదనానికి నా వేళ్లు అలవాటు పడ్డాయి. వీడియోలో చూసినంత వేగం నాకు ఎప్పుడూ రాలేదు. తొందరగా మాట్లాడేవాళ్ల సగం మాటలు ఇప్పటికీ జారిపోతాయి. సార్ మాత్రం, "సగం ఎక్కువే బిడ్డా" అనేవారు.

వానలు మొదలయ్యాక ఆయనకు తిండి సయించడం మానేసింది. పరీక్షలు చేయించారు. రిపోర్టులు చూపించడానికి కరీంనగర్‌లో ఒక ఆసుపత్రికి వెళ్తూ, నన్నూ కీబోర్డు పట్టుకుని రమ్మన్నారు. గంగమ్మ, సార్, నేను డాక్టర్ ముందు కూర్చున్నాం. ల్యాప్‌టాప్ తెర సార్ వైపు తిప్పి, కీబోర్డు ఒళ్లో పెట్టుకున్నాను. డాక్టర్ మంచి మనిషి, ఏమిటిదని అడిగి తెలుసుకుని, నిదానంగానే మొదలుపెట్టాడు. "రిపోర్టులు వచ్చినయి" అన్నాడు, కొట్టాను. "కాలేయంల గడ్డ ఉంది" అనేసరికి బల్ల కింద గంగమ్మ చెయ్యి వచ్చి నా మణికట్టును పట్టుకుంది. గట్టిగా కాదు, అయినా ఆ మాట కొట్టకుండానే నా వేళ్లు ఆగిపోయాయి. డాక్టర్ చెబుతూనే ఉన్నాడు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందని, మందులతో కొన్ని నెలలు నెట్టుకురావచ్చని, ఏ బాధలు వస్తాయో, వాటికి ఏం చేయాలో. గంగమ్మ చెయ్యి వదిలాక నేను కొట్టింది ఇంతే: "మందులు రాస్తున్న. బలమైన తిండి తినాలె. నెల తర్వాత రండి." సార్ చదివి, డాక్టర్‌కు నమస్కారం పెట్టి లేచారు.

బస్టాండులో బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాం. సార్ చేతిసంచీ సర్దుకుంటూ, "డాక్టర్ చానసేపు చెప్పిండు" అన్నారు. నేను నేల చూశాను.

"నువ్వు నాలుగు లైన్లు కొట్టినవ్" అని ఆగి, "చెయ్యి నొచ్చిందా బిడ్డా?" అని అడిగారు.

అవునని తలూపితే సరిపోయేది. ఆ దారి ఆయనే నాకు ఇచ్చారు. నేను గంగమ్మను చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది. నా వైపు తిరక్కుండానే, "కొట్టు బిడ్డా. నాతోనైతే చెప్పుడుకాదు" అంది.

ల్యాప్‌టాప్ తెరిచాను. స్టెనోగ్రాఫర్ చెవిన పడ్డ మాట గంటా రెండు గంటలు చెదిరిపోదు. డాక్టర్ అన్నది అన్నట్టే, మొదటినుంచి చివరిదాకా కొట్టాను. కింద "క్షమించండి సార్" అని కూడా కొట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. చివరి లైను దగ్గర వేలు పెట్టి, "గిది డాక్టర్ అన్నడా?" అన్నారు. దాన్ని తుడిచేశాను. తర్వాత పైకి వెళ్లి ఇంకో మాట దగ్గర ఆగారు. "నెట్టుకురావచ్చు అన్నడా, నెట్టుకొస్తం అన్నడా?"

వచ్చు అన్నాడని కొట్టాను.

"వచ్చు" అని ఆయన మెల్లగా తలాడించి, గంగమ్మ వైపు జరిగి కూర్చున్నారు. నా ఎదుట ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం అదొక్కసారే చూశాను.

ఆయన ఐదు నెలలు ఉన్నారు. ఆ ఐదు నెలలూ తెలిసి బతికారు. మిగిలిన ఒక్క మిషన్‌ను పెగడపల్లిలో ఉన్న పాత విద్యార్థికి ఇచ్చారు. బీరువా తాళాలు, బ్యాంకు కాగితాలు గంగమ్మకు చూపించారు. నేను ఆదివారాలు వెళ్లి, చూడవచ్చినవాళ్ల మాటలన్నీ కొట్టేదాన్ని. "మనిషి మస్తు గుంజుకపోయిండు" అని ఒకామె గుసగుసగా అంటే అదీ కొట్టాను. చదివి నవ్వారు. చివరి వారాల్లో తెర చూస్తే కళ్లు తిరుగుతున్నాయని వద్దన్నారు. ఆయన పోయిన రోజు నేను ఆఫీసులో డిక్టేషన్ తీసుకుంటున్నాను. కబురు అందాక కూడా ఆ పేజీ పూర్తిచేసే లేచాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు నెలకోసారి ఆ చిన్న కీబోర్డు సంచీలో వేసుకుని వేములవాడ మీదుగా సిరిసిల్ల పోతాను. మగ్గాల చప్పుడులో నలభై ఏళ్లుగా పనిచేస్తున్న బాపుకూ మాట వినబడదు. చాలా ఏళ్లుగా మేమంతా ఆయనకు "ఏం లేదు" అనే చెబుతూ వచ్చాం, నేనూ అన్నాను. పోయిన నెల అమ్మ, తమ్ముడు, నేను కూర్చున్నప్పుడు తమ్ముడు నాతో అన్నాడు, "బాపును షెడ్డుకు పోవద్దని నువ్వన్న చెప్పక్కా. పోగు తెగితే కనబడ్తలేదట. ఓనరు మొన్న నాతోని అన్నడు." నా వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. అమ్మ, "గది కొట్టకే" అంది. నేను కొట్టాను. అమ్మ అన్న ఆ మాటా కొట్టాను.

బాపు చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. "ఓనరు ఇంకేమన్నడు?" అని అడిగాడు, తమ్ముణ్ని.

తమ్ముడు జవాబు నాకు చెప్పబోయి ఆగాడు. తెర మీద తన మాటల్ని కాసేపు చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని బాపుకు ఎదురుగా కూర్చుని, ఆయన ముఖంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి చెప్పడం మొదలుపెట్టాడు.