చెరువుకు పేల మందు

ఏడో తరగతిలో బడి మానేసేనాటికి నా తలలో చదువు కంటే పేలే ఎక్కువ. తరవాత పేలు పోయాయి, చదువు మాత్రం రాలేదు. అందుకే కాబోలు, పోయిన చలికాలం నా చెరువులో చేపలకు పేలు పట్టినప్పుడు, ఆ సంగతి నాకంటే తెలిసినవాడు లేడనుకున్నాను.

శృంగవరపుకోట దగ్గర కౌలుకు తీసుకున్న చెరువది. శీలావతులు, బొచ్చెలు చేతికొచ్చే సమయం. మా ఇంటికి వేరే ఆధారం లేదు. ఒక్కో చేప ఒంటినిండా పెసరబద్దంత పేలు, కనబడీ కనబడకుండా, నెత్తురు తాగుతూ అతుక్కున్నాయి. దురద పట్టలేక చేపలు, మేతకు తవుడు సంచులు కట్టే వెదురు గెడలకు ఒళ్లు రాసుకునేవి. పొలుసులూడి, పుళ్లు పడి, తెల్లారేసరికి కొన్ని తేలేవి. షాపువాడిచ్చిన మందు పోస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చాయి. వేపపిండి మూటలు నీళ్లలో వేలాడదీశాను. అది పనిచేసేలోగా చెరువు ఖాళీ అయ్యేలా ఉంది. నాకు అన్నం సయించడం లేదు. వేళాకోళాలు కూడా మానేసేసరికి, జ్వరమేమోనని మా ఆవిడ నుదురు పట్టి చూసింది.

అప్పుడే మా అత్త వచ్చి, మా అమ్మాయి తలకు సీతాఫలం గింజల ముద్ద రాసి, కళ్లలో పడకుండా గుడ్డ బిగించి కట్టింది. తరవాత దువ్వితే చచ్చిన పేలు జలజలా రాలాయి. ఇంకేం! కొండమీద వాళ్ల దగ్గర ఎండుగింజలు బస్తాడు తెచ్చి, మర పట్టించి, బకెట్లలో కలిపాను. ముందు గట్టుమీది నీళ్ల గోలెంలో రెండు చేపలేసి, కొంచెం పోసి చూశాను. పేలు ఊడి కిందపడ్డాయి.

"పోనాయే! పేలు పోనాయే!" అని బకెట్లు పట్టుకుని పరిగెత్తాను.

"ఆగు మావా! సేపలేటవుతాయో కూడా సూడు," అంది మా ఆవిడ.

"సేపలకేటవుద్దే? ఇది పేల మందు!"

తవుడు సంచులు కట్టిన మూలన పోశాను. నా అడుగు వినబడితే చేపలు మేతకొస్తాయి. ఆ రోజూ వచ్చాయి.

"మావా! గోలెంలోయి ఎల్లకిలా పడిపోనాయి!"

మా ఆవిడ కేకకు బకెట్ వదిలేసి నీళ్లలోకి దూకాను. కర్రతో కొట్టి, తిట్టి, చేపల్ని ఆ మూలనుంచి తరిమాను. ఆవిడ మోటారు వేసి కొత్తనీరు పెట్టింది. అయినా, నన్ను నమ్మి ముందుగా వచ్చినవి నా మోకాళ్ల చుట్టూనే తెల్లటి పొట్టలతో తేలాయి. మేతకు రాని చేపలే బతికాయి, పేలతో సహా. గట్టెక్కమని ఆవిడ ఎంత పిలిచినా నాకు కాళ్లు రాలేదు.

మళ్లీ వేపపిండి మూటలే కట్టాం. మిగిలిన చేపలు ఉంటాయో పోతాయో తెలియని రోజుల్లో, ఏడుపు దాచుకోలేక మా అత్తతో అన్నాను: "నీ మందు బాగానే పనిసేసినాదత్తా. సేపలే తట్టుకోలేదు."

"ఒరే అల్లుడా," అంది అత్త, "నాను పిల్ల తలకి రాసినాను గానీ, పిల్లని అందులో ముంచేసినానేటి?"