కుట్టు నిలవని కోటు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మా ఆఫీసులో అందరికంటే ముందు నవ్వేది నేనే. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో పాతికేళ్ళుగా క్లర్కుగా పనిచేస్తున్నాను. పాత రికార్డుల గదిలోకి ఒంటరిగా వెళ్ళడానికి జంకేవాళ్ళు నన్ను తోడు రమ్మనేవారు. ఆదివారం చర్చికి వెళ్తాను, ప్రార్థన చేసుకుంటాను, అంతవరకే. పోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారు గాని మన మధ్య తిరగరు అనేదాన్ని. ఇది చదివి మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. వేరేవాళ్ళు చెప్తే నేనూ నమ్మేదాన్ని కాదు.

నాకు సైనికుల పాత వస్తువులు సేకరించే అలవాటుంది. మా అమ్మ వాళ్ళ నాన్న రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఇంటికి ఒక ఉత్తరం, ఒక ఇత్తడి బొత్తాం మాత్రం వచ్చాయట. చిన్నప్పుడు ఆ బొత్తాంతో ఆడుకున్న దగ్గర మొదలైంది నా పిచ్చి. పతకాలు, నీళ్ళ సీసాలు, టోపీ బిళ్ళలు, తిండి తినే రేకు డబ్బాలు, ఇలా ఏది దొరికినా తెచ్చి తుడిచి పెట్టుకుంటాను. మా ఉభయ గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో ఏదో ఒక పాత పెట్టె అడుగున ఇలాంటివి ఉంటాయి. అడిగితే సంతోషంగా ఇచ్చేస్తారు.

మూడేళ్ళ క్రితం కోరుకొండ దగ్గర ఒక ఊరి నుంచి సుజాత గారని ఒక టీచరు ఫోన్ చేశారు. వాళ్ళ తాతగారు ఆ యుద్ధంలో పనిచేసి క్షేమంగా తిరిగి వచ్చిన మనిషి. ఆయన పోయి చాలా కాలమైంది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నారు, ఆయన తెచ్చిన కోటు ఉంది, తీసుకెళ్తారా అని అడిగారు. ఆ శనివారమే వెళ్ళి తెచ్చుకున్నాను.

మోకాళ్ళ కిందికి వచ్చే ఖాకీ ఉన్ని కోటు. ఏ చలిదేశంలోనో ఇచ్చి ఉంటారు, మన ఎండల్లో దాన్ని పట్టుకుంటేనే చెమట పట్టేస్తుంది. చాలా బరువు. అంతా బాగానే ఉంది గాని ఎడమవైపు పక్కటెముకల దగ్గర రూపాయి బిళ్ళంత చిరుగు. పురుగు కొట్టిందేమో అనుకున్నాను.

మా అన్నయ్య రత్నం రాజమండ్రిలో టైలరు. రఫూ చేయడంలో అతనికి మంచి పేరు. చిరిగిన చోట దారం దారం కలిపి మళ్ళీ నేసినట్టు చేస్తాడు, వేలితో తడిమినా తెలియదు. కోటు అతనికి ఇచ్చాను. నాలుగు రోజుల్లో చేసిచ్చాడు. ఆ చిరుగు ఎక్కడుండేదో నాకే వెతుక్కోవాల్సి వచ్చింది.

పది రోజుల తర్వాత బీరువా తీసి చూస్తే చిరుగు మళ్ళీ అలాగే ఉంది.

కుట్టు మామూలుగా ఊడిపోయి ఉంటే నాకు భయం వేసేది కాదు. దారాలన్నీ బీరువా అడుగున పడి ఉన్నాయి. ఒక్కటి కూడా తెగలేదు. కుట్టులో ఉన్న వంకరలతో సహా, ఎవరో కూర్చుని ఓపిగ్గా ఒక్కొక్కటే లాగి తీసినట్టున్నాయి. బీరువా తాళం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది. మా ఆయనది కాకినాడలో ఉద్యోగం, శనివారాలే వస్తారు. ఆ మధ్య రెండు వారాలు అసలు రానేలేదు. ఆ దారాలు ఫోన్‌లో ఫోటో తీశాను. ఇప్పటికీ ఉంది.

అన్నయ్యకి చూపిస్తే కోపం వచ్చింది. "నా కుట్టు ఊడడమేంటే? ముప్పై ఏళ్ళలో ఊడింది ఒక్కటి చూపించు" అన్నాడు. అప్పటికప్పుడు షాపులోనే కూర్చున్నాడు. వెనక గుడ్డ వేసి, మైనం రాసిన దారం రెండు పేటలు తీసుకుని మొదలుపెట్టాడు. మిట్టమధ్యాహ్నం. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను.

నాలుగైదు కుట్లు వేశాక చెయ్యి ఆపి ఎడమ పక్క పట్టుకున్నాడు.

"ఏంటన్నయ్యా?"

"ఏం లేదు. పట్టేసినట్టుంది." మళ్ళీ సూది తీసుకోబోయి, కోటు మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు. "విమలా, దీన్ని ఎండలో గాని వేశావా?"

"లేదే. బీరువాలోంచి తెచ్చాను."

"వెచ్చగా ఉంది."

నేనూ ముట్టుకున్నాను. కోటంతా మామూలుగానే ఉంది. ఆ చిరుగు చుట్టూ మాత్రం, అరచెయ్యంత మేర, జ్వరం వచ్చిన ఒంటిలా ఉంది. అన్నయ్య గబగబా కుట్టు పూర్తి చేసి మడిచి నా చేతికిచ్చేశాడు.

ఈసారి కుట్టు ఊడలేదు.

మూడో రోజు, ఆదివారం, చర్చి నుంచి వస్తుంటే వదిన ఫోన్ చేసింది. అన్నయ్యకి ఊపిరి ఆడట్లేదు, హాస్పిటల్లో చేర్చాం అంది. నేను వెళ్ళేసరికి ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉంచారు. ఎక్స్‌రే తీశారు, గుండె చూశారు, రక్తం చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. కాని అన్నయ్య నిండుగా గాలి పీల్చుకోలేకపోతున్నాడు. ఛాతీ కొద్దిగా లేచి మధ్యలో ఏదో పట్టేసినట్టు ఆగి, వణుకుతూ దిగుతోంది. అలా లెక్కలేనన్నిసార్లు చూశాను. వదిన గోడవైపు తిరిగి ఏడుస్తోంది.

సోమవారం పొద్దున్న బట్టలు తెచ్చుకుందామని ఇంటికి వచ్చాను. పదిన్నర దాటింది. కరెంటు లేదు. కిటికీలు మూసే ఉన్నాయి. కోటు బీరువా తలుపుకి హ్యాంగరు మీద వేలాడుతోంది. ఆదివారం చర్చికి వెళ్ళే ముందు నేనే తగిలించాను.

ఆ కోటు కదులుతోంది.

ఊగడం కాదు. ఎడమవైపు, అన్నయ్య కుట్టిన చోట, గుడ్డ లోపలికి గుంజుకుని, ఆగి, వణుకుతూ బయటికి వస్తోంది. మళ్ళీ గుంజుకుంటోంది. హాస్పిటల్ మంచం పక్కన కూర్చుని నేను చూసి వచ్చింది అదే. అదే వేగం, మధ్యలో అదే చోట ఆగడం.

నా వీపుకి వీధి తలుపు తగిలేదాకా వెనక్కి నడిచానని నాకు తెలియలేదు. బయటికి పారిపోదామనే అనుకున్నాను. కాని నేను పారిపోతే అన్నయ్య ఏమవుతాడో అన్న ఆలోచన కాళ్ళు కదలనివ్వలేదు. గుమ్మం దగ్గరే కూలబడి సుజాత గారికి ఫోన్ చేశాను. "కోటు గురించి అడుగుదామని" అన్నాను, అంతే.

"కుట్టారాండీ?" అన్నారావిడ.

చిరుగు మాట గాని, కుట్టించిన మాట గాని నేను ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

"మా నానమ్మ ఒకసారి కుట్టిందంటండి. తాతయ్య బ్లేడు పెట్టి కుట్లన్నీ తీసేశారంట. 'కుట్టకే, వాడికి ఊపిరాడదు' అన్నారంట. ఆ వాడు ఎవడో ఆయన ఎవరికీ చెప్పలేదండి. ఆ కోటు తాతయ్యది కాదు, అక్కడ యుద్ధంలో ఎవరిదో. పెద్దాయన చాదస్తం అనుకున్నాం. మీకు చెప్తే నవ్వుతారని ఊరుకున్నాను. తీసేయండి, ముందు ఆ కుట్లు తీసేయండి."

దాన్ని ముట్టుకోవడానికి నేను పడ్డ అవస్థ చెప్పలేను. వంటింట్లోంచి బ్లేడు తెచ్చాను. హ్యాంగరు మీద ఉండగానే ఎడమచేత్తో గుడ్డ పట్టుకున్నాను. వేడిగా ఉంది. నా వేళ్ళ కింద లోపలికి గుంజుకుంటోంది. నోటికొచ్చిన ప్రార్థనలు సగం సగం అంటూ ఒక్కొక్క కుట్టూ కోసి లాగాను. బ్లేడు జారి రెండు చోట్ల వేలు తెగింది. చివరి దారం వచ్చేయగానే ఆ చిరుగులోంచి నా మణికట్టు మీదికి గాలి తగిలింది. పొడుగ్గా, వెచ్చగా, ఎవరో ఇన్నాళ్ళూ బిగబట్టిన ఊపిరి వదిలినట్టు. ఆ తర్వాత గుడ్డ కదల్లేదు. చూస్తుండగానే చల్లబడిపోయింది.

ఫోన్‌లో టైము చూశాను. పదకొండూ ఐదు. పావుగంటలో వదిన ఫోన్ చేసి, మీ అన్నయ్య లేచి కూర్చున్నాడు, కాఫీ కావాలంటున్నాడు అంది.

నేను మళ్ళీ హాస్పిటల్‌కి వెళ్ళేసరికి మాస్కు తీసేశారు. కోటు సంగతి అన్నయ్యకి ఇంకా ఏమీ చెప్పలేదు. తనే నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు: "పక్కలోంచి ఎవరో దారాలు లాగుతున్నట్టు అనిపించిందే. ఒక్కొక్కటే."

నెల తర్వాత గాని జరిగింది చెప్పే ధైర్యం నాకు రాలేదు. అంతా విని అన్నయ్య లేచి షాపు షట్టరు దించేశాడు.

కంగారు పడితే ఊపిరి పట్టేస్తుంది అన్నారు డాక్టర్లు. కావచ్చు. నిద్రలేక నా కళ్ళు నన్ను మోసం చేసి ఉండొచ్చు కూడా. ఆ మాట నేనే చాలాసార్లు అనుకున్నాను. కాని బీరువాలో దారాలు, సుజాత గారు అడిగిన మొదటి ప్రశ్న, అన్నయ్య చెప్పిన మాట, ఈ మూడింటికీ కలిపి సరిపోయే జవాబు నాకింతవరకు దొరకలేదు.

సుజాత గారు కోటు వెనక్కి తీసుకోనన్నారు. తగలబెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. లోపల మనిషి ఉంటే అన్న ఆలోచన వస్తుంది. చిరుగు అలాగే ఉంది, ఇంత కూడా పెరగలేదు.

కిందటేడు ఒక కాలేజీవాళ్ళు నా వస్తువులు ప్రదర్శనకి పెడతామన్నారు. ఒక్కోదానికీ చీటీ రాసివ్వమన్నారు: వస్తువు ఏమిటి, ఎవరిది, ఏ ఊరు. అన్నీ రాశాను. కోటు చీటీ దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. చాలాసేపు కూర్చుని, 'ఎవరిది' అన్నచోట ఖాళీగానే వదిలేశాను.