ఎడారి సారు

మా పక్కింటి శ్రీరామమూర్తి సారుకు ఎడారి పిచ్చి. ఎడారిని చూశాడా అంటే, రాజమండ్రి నుంచి ఆఫీసు ఉద్యోగానికి ఫలక్‌నుమా వచ్చినవాడు, ఇంకో ఊరి మొహం చూడలేదు. పత్తర్‌గట్టి ఫుట్‌పాత్ మీద ఒక పాత పుస్తకం కొన్నాడు. వందేళ్ల కింద ఎవరో దొర ఎడారిలో తిరిగి రాశాడట. అప్పటినుంచి పాలు విరిగినా ఎడారే, కరెంటు పోయినా ఎడారే. సారు వాళ్లు సైదాబాద్ మారిపోయి రెండేళ్లయింది. గల్లీలో నీళ్ల ట్యాంకరు హారన్ కొడితే ఇప్పటికీ సారు గొంతే గుర్తొస్తుంది.

ఒకసారి వానకు గల్లీ మునిగింది. సారు స్టూలెక్కి ఆ పుస్తకమే చదువుతున్నాడు.

"సుగుణమ్మగారూ, ఎడారిలో వాన పడితే రాత్రికి రాత్రే పూలు పూస్తాయండీ!"

"మా గల్లీల చెప్పులు తేల్తయ్ సారూ. గా ఎడమకాలిది నాదే, జర పట్టుండ్రి!"

నా చదువు రెండో తరగతి. ఇంగ్లీషు పుస్తకంలో ఉందంటే ఉందనుకోవాలి, అంతే.

తర్వాతి ఎండాకాలం నల్లాలు ఎండిపోయాయి. ట్యాంకరు గల్లీ చివరే ఆగేది. నా మోకాలు బిందె మోయనని మొండికేసింది. ఒకరిని అడగడమా? మా ఇంటా వంటా లేదు. చెంబెడు నీళ్లతో రోజు నెట్టుకొస్తున్నాను.

ఒక పొద్దున గడప ముందు నిండు బిందె. పక్కన సారు.

"ఏంది సారూ గిది?"

"ఎడారి ఆచారమండీ. తొలి బిందె పక్కగుమ్మంలో బాటసారికి పెట్టాలి. పుస్తకంలో ఉంది."

"నేను బాటసారినా? పెండ్లయి వచ్చినసంది గీ గల్లీ దాటకపోతి!"

"ఆచారం తప్పించకండి, నాకు అరిష్టం."

పాపం, ఆయనకు అరిష్టమెందుకని తీసుకున్నాను. వేసవంతా రోజూ బిందె వచ్చింది.

ఆయన భార్య హైమవతి కరివేపాకు కోసం వచ్చినప్పుడు అన్నాను: "గా ఎడారోళ్లు మస్తు మంచోళ్లమ్మా, పక్కింటికి నీళ్లు పెడ్తరంట."

ఆమె పడీపడీ నవ్వింది. "ఎడారోళ్లెవరండీ? నాకు రెండుసార్లు చదివి వినిపించారు. అందులో మనిషన్నవాడే లేడు. ఇసుక, ముళ్లచెట్లు, తొండలు!"

అంటే ఆ ఆచారం సారు అల్లిందే. రాత్రంతా తిట్లు వెతుక్కున్నాను. ఒక్కటీ ఆయనకు అతకలేదు.

పొద్దున బిందె ఖాళీ చేసి, అందులో మామిడికాయ తొక్కు పచ్చడి డబ్బా పెట్టి తిరిగిచ్చాను.

"ఇదేమిటండీ?"

"బాటసారి ఆచారం సారూ. నీళ్లు తాగినోళ్లు తొక్కు పెట్టాలె. మీ బుక్కుల లేదా?"

ఆయన హైమవతి వైపు చూశాడు. ఆమె గోడ వైపు చూసింది. సారు కళ్లజోడు సర్దుకుని, పుస్తకం పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించాడు.

"ఎందుకు లేదండీ? ఇదిగో, తొండల పక్కనే ఉంది!"