మార్కుల లిస్టులో లేనిది

విజయవాడ కోచింగ్ కాలేజీలో మా ఇంగ్లీషు మేడమ్‌కి ఒక అలవాటుండేది. మన గురించి మనం చెప్పింది నచ్చకపోతే పెన్ను మూత తీసినట్టే తీసి మళ్లీ పెట్టేసేవారు. "ఇది మార్కుల లిస్టులో ఉందిగా అమ్మా, లేనిది చెప్పు" అనేవారు.

ఆవిడ ముందు కూర్చుని ఢిల్లీలో ఒక పెద్ద యూనివర్సిటీకి అప్లికేషన్ నింపుతూ, హాబీల దగ్గర నేను "లెక్కలు, రివిజన్" అని రాశాను. వేళాకోళానికి కాదు. రెండేళ్లుగా మాకు వేరే పని లేదు మరి.

ఆవిడ నవ్వలేదు. "ఆదివారం పామర్రులో మీ ఇంటికెళ్తే ఏం చేస్తావు?" అన్నారు.

"పొలం గట్టు మీద కూర్చుని, కాలవ నీళ్లు ఏ మడిలోకి ముందు పారతాయో చూస్తానండి" అన్నాను సిగ్గుపడుతూ.

ఈసారి మూత తీసి పెన్ను నా చేతికిచ్చారు. "అది రాయి."

సీటొచ్చింది. చెబుదామని వెళ్తే, ఆవిడ ఉద్యోగం మానేశారన్నారు. ఎక్కడికెళ్లారో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు అదే యూనివర్సిటీలో అప్లికేషన్లు చదివే ఉద్యోగం నాది. మార్కులు దాటి, పిల్లలు ఎక్కడున్నారా అని వెతుకుతాను. ఆవిణ్ణి వెతకబోతే మాత్రం పేరూ సబ్జెక్టూ తప్ప ఏమీ గుర్తుకు రాదు.

ఆదివారాలు మీరేం చేస్తారు మేడమ్, అని ఒక్కసారీ అడగలేదు నేను.