ఎంతో చెప్పండి, హిదాయతుల్లా గారూ!

మా ఇంటి ఓనరు రత్నమాణిక్యం గారు ప్లంబరు చెప్పిన రేటుకు ఒప్పుకోగా చూసినవాళ్ళు వట్లూరులో లేరు. ఆ మాటకొస్తే ఏలూరు మొత్తంలోనూ లేరు. కుళాయి మార్చినా, ట్యాంకు కడిగినా, సింకులో అడ్డుపడ్డ మెతుకులు తీసినా, రేటు చెవిన పడగానే ఆవిడ కొంగు నడుముకు బిగించి కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఆ కుర్చీ చప్పుడు మేడ మీద అద్దెకున్న మాకు వినిపిస్తుంది. మా ఆవిడ స్టవ్వు తగ్గించి కిటికీ దగ్గరికి పరిగెడుతుంది. నేనూ వెళ్తాను. టీవీలో ఇంతకంటే మంచి కార్యక్రమం మాకెప్పుడూ దొరకలేదు.

రత్నమాణిక్యం గారు బేరంలో గొంతు పెంచుతారే గాని మర్యాద తగ్గించరు. దొంగను దొంగ అనాల్సి వచ్చినా చివర 'అండీ' తగిలించకుండా అనరు. ఎదుటివాడు ఆ మర్యాదకు మొహమాటపడి సగం చచ్చిపోతాడు. మిగతా సగాన్ని ఆవిడ చూసుకుంటారు.

"ఎంతండీ, హిదాయతుల్లా గారూ?"

"మూడొందలండీ, అమ్మగారూ."

"మూడొందలా అండీ! నీళ్ళు నావండీ. పైపు నాదండీ. పైపున్న గోడ నాదండీ. ఇందులో మీదేముందండీ?"

"రెంచి నాదండీ."

"రెంచేమైనా అరిగిందా అండీ?"

"మోకాళ్ళు అరిగాయండీ. ఇంతసేపూ సింకు కింద కూర్చున్నాను కదండీ."

"కూర్చున్నందుకు డబ్బులేమిటండీ? నేనూ కూర్చునే ఉన్నాను. నాకెవరిస్తున్నారు?"

హిదాయతుల్లా గారిది పవర్‌పేట. సన్నటి మనిషి, మెత్తటి మాట. మోపెడ్‌కి ముందో సంచి, వెనకో సంచి, భుజాన చుట్టిన పైపు. మా కాలనీలో ఏ ఇంట్లో నీళ్ళు కారినా ఆయన రావలసిందే. ఆయన మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. రత్నమాణిక్యం గారికి మాత్రం హుషారు పుట్టుకొస్తుంది.

ఆవిడ భర్త సుబ్బరాజు గారికి ఈ బేరాలంటే గుండెదడ. భీమడోలు దగ్గరున్న పొలం కౌలుకిచ్చి ఇక్కడికొచ్చి ప్రశాంతంగా ఉందామనుకున్న మనిషి. "ఎంతండీ" అన్న మాట వినగానే పెరట్లో అరటి మొక్కలకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోతారు. భోరున వాన కురుస్తుంటే గొడుగేసుకుని మొక్కలకు నీళ్ళు పోస్తున్న మనిషిని నేను కళ్ళారా చూశాను.

ఒకసారి ఫ్లష్ ట్యాంకు బేరం తెగక భోజనాల వేళ అయింది. రత్నమాణిక్యం గారు వాదన అక్కడికి ఆపి, అరిటాకు వేసి, కొరమేను పులుసుతో హిదాయతుల్లా గారికి కడుపునిండా అన్నం పెట్టారు. వద్దన్నకొద్దీ వడ్డించారు. ఆయన చెయ్యి కడుక్కోగానే, "ఎక్కడున్నామండీ? నాలుగొందల యాభై దగ్గర కదా?" అని మళ్ళీ మొదలెట్టారు. "పులుసు బాగుందని తగ్గిపోకండీ, అది వేరు, ఇది వేరు" అని ఆవిడే హెచ్చరించడం కూడా విన్నాను. బేరమాడే మనిషి అనవలసిన మాట కాదది. కానీ నా ధ్యాస పులుసు మీద ఉండి పట్టించుకోలేదు.

ఇంకో విడ్డూరం ఉంది. కొల్లేరు వైపు నుంచి చేపలు తెచ్చే ఆవిడ దగ్గర రత్నమాణిక్యం గారు బేరమే ఆడరు. చెప్పినంతా ఇచ్చి తీసుకుంటారు. "అదేంటండీ, ప్లంబరు దగ్గర అంత యుద్ధం చేస్తారు కదా?" అని మా ఆవిడ ఒకసారి అడిగేసింది.

"ఆవిడకి నోరుందమ్మా. నాతో పనేముంది?" అన్నారు రత్నమాణిక్యం గారు. మా ఆవిడకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. పెద్దావిడ కదా అని తలూపి మేడెక్కేశాం.

ఇంతా చేసి, యుద్ధం ముగిశాక ఆవిడ గెలుచుకున్నది చూస్తే పదో ఇరవయ్యో ఉండేది. దానికోసం ఇంత గొంతు చించుకోవాలా అని నేను నవ్వుకునేవాణ్ణి. కాలనీవాళ్ళు మాత్రం నవ్వుకోలేదు. ఆవిడ దగ్గర తెగిన అంకెను 'రత్నమాణిక్యం గారి రేటు' అని పేరెట్టి, అందరూ అంతే ఇచ్చేవారు. బేరంలో ఆవిడకంటే మొనగాడెవడు?

అలాంటి రోజుల్లో మా కాలనీ అసోసియేషన్‌కి సూర్యప్రకాశరావు గారు ప్రెసిడెంటయ్యారు. పనిలేని మనిషికి పదవి దొరికితే మొదట బోర్డులు రాయిస్తాడు. గేటు దగ్గర ఒకటి, పార్కులో ఒకటి, చెత్తకుండీ మీద ఒకటి రాయించాక, ఆయన దృష్టి ప్లంబింగు మీద పడింది. ప్రతి పనికీ ఒక రేటు రాసి, కార్డు లామినేషన్ చేయించి, ఇంటికొకటి పంచుతానన్నారు. కుళాయి మార్పు వంద. సింకు అడ్డు తీయడం నూటయాభై. ట్యాంకు కడగడం మూడొందలు. అన్నీ ఇప్పుడిస్తున్నదాంట్లో సగమే. ప్లంబరు ఒప్పుకుంటే సరి, లేకపోతే బయట నుంచి వేరే మనుషుల్ని పిలిపిస్తారట.

ఆ కబురు హిదాయతుల్లా గారికి చేరిన రోజున ఆయన మా ఇంటి మెట్ల మీద కూలబడిపోయారు.

"కాలనీ పని పోతే నాకు సగం బతుకు పోయినట్టేనండీ. పోనీ ఆ రేటుకే చేద్దామంటే పెట్రోలుకీ సామానుకీ పోను చేతికేమీ రాదండీ."

"మరేమంటారు వాళ్ళతో?" అన్నాను.

"అనేదేముందండీ. పెద్దలు. వాళ్ళిష్టం."

కింద గుమ్మంలోంచి ఉరుము వినిపించింది.

"ఏమన్నారండీ?" రత్నమాణిక్యం గారు పప్పు గుత్తి చేత్తోనే బయటికొచ్చేశారు. "ఆ మాట నా గడపలో అన్నారంటే బాగోదండీ, హిదాయతుల్లా గారూ. ఆదివారం మీటింగుకి రండి. చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ రండి."

మీటింగు సూర్యప్రకాశరావు గారి కారు షెడ్డులో. కారు బయటికి తీసి కుర్చీలు వేశారు. రత్నమాణిక్యం గారికి మొదటి వరసలో కుర్చీ. రేటు తగ్గించే పనికి ఆవిడకంటే పెద్ద దిక్కెవరని అందరి నమ్మకం. నా నమ్మకం కూడా అదే. సుబ్బరాజు గారు అక్కడ నీళ్ళు పెట్టడానికి మొక్కలేమైనా ఉన్నాయేమోనని చుట్టూ చూసి, లేకపోయేసరికి చివరి వరసలో నా పక్కన చతికిలపడ్డారు.

"మన రత్నమాణిక్యం గారే ఈ కార్డు విడుదల చెయ్యాలి" అన్నారు ప్రెసిడెంటు గారు.

"చేద్దామండీ. పని చేసేవారిని అడిగారా?"

"ఆయన్నడిగేదేముందండీ? చాలా మంచివాడు. మనిష్టమే ఆయనిష్టం."

"అయితే ఆ ముక్క ఆయన నోటే వినేద్దామండీ" అని ఆవిడ గుమ్మం వైపు తిరిగారు. హిదాయతుల్లా గారు చెప్పులు బయట వదిలి, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి లోపలికొచ్చారు. ఆవిడ కుర్చీని సరిగ్గా ఆయనకెదురుగా తిప్పుకుని కొంగు బిగించారు. ఈయన పని అయిపోయిందనుకున్నాం అందరం.

"ఏమయ్యా, ఈ రేట్లు నీకు సమ్మతమేనా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

హిదాయతుల్లా గారు కార్డు చూశారు. చెమట తుడుచుకున్నారు. "మీ..." అన్నారు.

రత్నమాణిక్యం గారు ఆయన కళ్ళలోకి చూస్తూ కుర్చీ ముందుకు జరిపారు.

"మీరు రాసిన రేట్లకి నేను చెయ్యనండీ" అన్నారు హిదాయతుల్లా గారు.

అందరూ ఒక్కసారిగా ఆయన మీద పడ్డారు.

"వాషరు పది రూపాయలే కదయ్యా!"

"పదేనండీ. కొనుక్కొచ్చి చేత్తో పట్టుకుని కూర్చోండి. నీళ్ళు ఆగితే నన్ను పిలవక్కర్లేదండీ."

"పది నిమిషాల పనికి అంతా?"

"ఆలస్యంగా చేస్తే ఎక్కువిస్తారా అండీ? చెప్పండి, సాయంత్రం దాకా చేస్తాను."

"వీడియోలు చూసి మేమే చేసుకుంటాం."

"చేసుకోండి. తర్వాత అది విప్పడానికి వేరే రేటండీ."

ఒక్కో మాటా ఎక్కడో విన్నట్టే ఉంది. విన్నదే. మా కిటికీ కింద రత్నమాణిక్యం గారు వేసిన ప్రశ్నలే వీళ్ళూ వేస్తున్నారు. వాటన్నిటికీ ఆయన దగ్గర జవాబులు కాచి వడపోసి ఉన్నాయి. ఆవిడతో పోట్లాడి నిలబడ్డ మనిషికి వీళ్ళొక లెక్కా?

అప్పుడు రత్నమాణిక్యం గారు లేచారు.

"సింకు అడ్డు తీస్తే నూటయాభై అని రాశారు. సూర్యప్రకాశరావు గారూ, నేను మూడొందలిస్తానండీ. మా సింకులో మీరు చెయ్యి పెట్టండి."

ప్రెసిడెంటు గారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. "ఏవండీ, హాస్యాలా?"

"ఐదొందలు."

"అబ్బే, అది కాదండీ..."

"వెయ్యండీ! వెయ్యి రూపాయలు! చెయ్యి మీది, కంపు నాది. ఏమంటారు?"

వెనక వరసలోంచి సుబ్బరాజు గారు, "ఒప్పేసుకోండి ప్రెసిడెంటు గారూ, ఇంతకంటే ఎక్కితే మా పొలం అమ్మాలి" అన్నారు. ఆయన నోటివెంట అంత పొడుగు వాక్యం నేను వినడం అదే మొదలు.

"బేరమంటే ఇద్దరాడేదండీ" అన్నారు రత్నమాణిక్యం గారు కార్డు బల్ల మీద పడేసి. "ఒక్కరే కూర్చుని ఆడేదాన్ని బేరమనరు, దోపిడీ అంటారు. నేను బేరగత్తెనే. దోచుకునేదాన్ని కాదు." ఆ కార్డులు ఇంటికొకటి పంచే సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎవరి పని వాళ్ళు మాట్లాడుకోవాలని తీర్మానం చేసి కాఫీలిచ్చేశారు.

బయట మోపెడ్ దగ్గర హిదాయతుల్లా గారు ఇస్త్రీ చొక్కా పై గుండీ విప్పుకుని గాలి పీల్చుకున్నారు. మొహం వెలిగిపోతోంది.

"మొదట్లో ఎవరెంతని అడిగినా 'మీ ఇష్టమండీ' అనేవాణ్ణండీ. నోరు తెరిచి అంకె చెప్పాలంటే సిగ్గు. చేతిలో ఎంత పెడితే అంత. అమ్మగారింట్లో మొదటిసారి పని చేసిన రోజున కూడా అదే అన్నానండీ. ఆవిడ రూపాయి బిళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టి, 'నా ఇష్టం ఇదేనండీ, వెళ్ళి రండి' అన్నారు."

"రూపాయా! మీరేం చేశారు?"

"ఒళ్ళు మండిపోయి రెండొందలన్నానండీ. 'ఆఁ, ఇప్పుడు దారికొచ్చారు' అని కుర్చీ లాక్కున్నారు. అప్పట్నుంచీ అంతేనండీ. నేను తొందరగా దిగిపోతే కోప్పడేవారు. 'మళ్ళీ చెప్పండి, గట్టిగా చెప్పండి' అనేవారు."

నాకు ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. ఇంటికెళ్ళి ఆ మాటే అన్నాను. ఆవిడ కస్సుమన్నారు.

"నాకేం దయా లేదు, ధర్మమూ లేదండీ! కుళాయి కారితే అర్ధరాత్రైనా వచ్చేది ఆయనొక్కరే. ఆయన అప్పులపాలై ఊరొదిలిపోతే నేనెవరితో పోట్లాడనండీ?"

ఆ వారంలోనే ఆవిడ మోటారు దగ్గర పైపు పగిలింది. హిదాయతుల్లా గారు బాగుచేసి ఆరొందలన్నారు. ఆవిడ అన్ని అస్త్రాలూ వేశారు. ఆయన ఒక్క రూపాయి తగ్గలేదు. చివరికి ఆవిడ ఆరొందలూ చేతిలో పెట్టి, గేటు దగ్గర నిలబడి, దారినపోయే ప్రతి మనిషినీ ఆపి మొర పెట్టుకున్నారు. "చూశారా అండీ ఈ మొండి మనిషిని! నా దగ్గరే తగ్గలేదండీ! ఇంక మీ దగ్గర తగ్గుతారా?" పిల్లాడికి ఫస్టు ర్యాంకు వచ్చిందని చెప్పుకునే తల్లి గొంతు అది.

తర్వాత ఆయన మేడెక్కి మా గీజరు పైపు మార్చారు. "నాలుగొందలండీ" అన్నారు. నేను ఏదో అనబోతూ నోరు తెరిచాను.

"గట్టిగా ఉండండి, హిదాయతుల్లా గారూ!" అని కింద నుంచి కేక వినిపించింది.

నోరు మూసుకుని నాలుగొందలూ ఇచ్చేశాను.