స్తంభం వెనక సీటు

పెళ్లయ్యాక నేనూ మా ఆవిడ భారతీ మొదటిసారి సినిమా చూసింది ఆబిడ్స్‌లోని ఒక పాత హాల్లో. బాల్కనీని మోసే స్తంభం సరిగ్గా నా సీటు ముందే ఉంది. సినిమా అంతా మెడ పక్కకు వంచి చూశాను. ఇంటర్వెల్‌లో ఫిర్యాదు చేస్తే మేనేజరు, "మా హాల్లో స్తంభాలెక్కడివండీ?" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరచిపోలేదు. భారతి గొడవ ఇంకొకటి. "మొదటి సినిమాకే నాకు దూరంగా ఒరిగి కూర్చున్నారు" అంటుంది. తనకు తెర మొత్తం కనిపించింది కనుక, స్తంభం నేను తర్వాత అల్లిన కథట.

ఆ హాలు ఇప్పుడు బట్టల షోరూం అయిందని తెలిసి, పోయిన ఆదివారం పది గంటలకు ఆమెను వెంటబెట్టుకుని ఖైరతాబాద్‌లో మెట్రో ఎక్కాను. టికెట్ మిషన్ నా నోటును రెండుసార్లు ఉమ్మేసింది. అది కూడా నా ఫిర్యాదుల లెక్కలో రాసి పెట్టుకున్నాను.

"ఏడికి అంకుల్, షాపింగా?" అన్నాడు పక్కనున్న కుర్రాడు.

"స్తంభం చూడ్డానికి" అంది భారతి, నా తరఫున.

నాంపల్లిలో దిగి ఇరానీ చాయ్ తాగి నడిచాం. దారిలో నాకు తెలిసిన రెండు హాళ్లలో ఒకటి పార్కింగ్ స్థలమైంది, ఇంకొకటి కాంప్లెక్సు. మా హాలుకు మొదట సిమెంటు పూల కమాను ఉండేది. తర్వాత దాన్ని బాత్రూం టైల్స్‌తో కప్పేశారు. ఇప్పుడు నిలువెల్లా నీలం అద్దాలు.

లోపల చీరల మధ్య నలుపలకల అద్దాల స్తంభం. "ఇదే!" అన్నాను.

"అద్దం చూసుకోవడానికి పెట్టుంటారు" అంది భారతి.

మూలన కుట్టుమిషన్ మీద ఫాల్స్ కుడుతున్న ముసలి దర్జీ తలెత్తాడు. "కాదమ్మా, అద్దాల లోపల గుండ్రటి ఖంబా ఉంది. గీడ సినిమాలు మస్తు చూసిన. దీని ఎన్క సీటొస్తే మెడ పట్టేస్తుండె. ఇంటర్వెల్ల రోజూ లొల్లే!"

భారతి ఒక స్టూలు లాక్కుని స్తంభం వెనక కూర్చుంది. ఒకప్పుడు తెర ఉన్న చోట ఇప్పుడు బిల్లు కౌంటర్ ఉంది. స్తంభం అడ్డొచ్చి అది కనపడలేదు. మెల్లగా పక్కకు ఒరిగింది. పక్కనే నిలబడ్డ నాకు దూరంగా.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఇంటర్వెల్‌లో చెప్పానుగా!"

"మేనేజరుకి చెప్పారు, నాకు కాదు. నేను పక్క సీట్లోనే ఉన్నాను."

దర్జీ మిషన్ ఆపి మరీ విన్నాడు.

ఆ షోరూంకి వెళ్లాలనుకునేవాళ్లు పదకొండు లోపు వెళ్లండి, తర్వాత జనం. ఈ ఊళ్లో హాళ్లు ముఖాలు మార్చుకున్నా, తట్టి చూస్తే లోపల పాత సున్నమే పలుకుతుంది. ఒంటిగంటకు తిరుగు మెట్రోలో ఒక్క సీటే దొరికితే ఆమెను కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడ్డాను.

"మెడ నొప్పి పుట్టిందా ఆ రోజు?" అంది.

"నాలుగు రోజులు."

"చెప్పండి మరి" అంది, కొంచెం జరిగి చోటిస్తూ. చెప్పడం మొదలుపెట్టాను. మేం దిగాల్సిన ఖైరతాబాద్ దాటిపోయింది.